ఉస్మాన్‌గంజ్ కుటుంబానికి క్యాంపు చూసిపెట్టిన సంగతి

కరోనా భయం తగ్గిన రెండో చలికాలం, డిసెంబరు మొదటి వారంలో, మా కంపెనీ నన్ను అబిడ్స్ శాఖలో క్యాంపుల డెస్కుకు సీనియర్ ఆఫీసరుగా వేసింది. అప్పటికి నా పదవీ విరమణకు రెండేళ్లుంది. అంతకుముందు ఇరవై ఆరేళ్లు అదే కంపెనీలో బస్సు టూర్లు, రైలు టూర్లు, తీర్థయాత్రలు చూశాను. జనానికి ఒక్కసారిగా గుడారాల మీద మోజు పుట్టడంతో ఈ కొత్త డెస్కు పెట్టారు. నన్నే ఎందుకు వేశారంటే, శాఖలో టెంటు గుంజ పాతడం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మెదక్‌లో చదువుకునే రోజుల్లో చర్చి యువజన శిబిరాలకు వెళ్లేవాళ్లం. తాళ్లు బిగించడం, కాలువ తవ్వడం, వాన పడితే ఏం తడవకూడదో ముందే తెలుసుకోవడం అక్కడ అబ్బిన విద్యలు. అవి ఉద్యోగానికి పనికొస్తాయని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

రోజూ సికింద్రాబాద్ వైపు నుంచి లోకల్ రైల్లో వచ్చి నాంపల్లిలో దిగి, స్టేషన్ ఎదురుగా ఒక చాయ్ తాగి, అబిడ్స్ దాకా నడిచేవాణ్ని. ఆఫీసు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. నా డెస్కు అంటే ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు హైదరాబాదు చుట్టూ రెండు వందల కిలోమీటర్ల పటం. దాని మీద మేం ఒప్పందం చేసుకున్న క్యాంపులకు రంగు పిన్నులు గుచ్చి ఉండేవి.

క్యాంపులకు మేం ఇచ్చే గ్రేడుల గురించి ఒక మాట చెప్పాలి. ఏ, బి, సి అని మూడు రకాలు. ‘ఏ’ అంటే టెంటులోనే మంచం, పక్కనే స్నానాల గది, వంటవాడు, అన్నీ ఉంటాయి. ‘బి’లో టెంటు, పరుపు ఇస్తారు, స్నానాల గదులు అందరికీ కలిపి, వంట మనం చేసుకోవాలి, లేదా ముందే మాట్లాడుకుని ఎవరితోనైనా చేయించుకోవాలి. ‘సి’లో నేల, నీళ్లు మాత్రమే. గ్రేడు అంటే మంచీ చెడూ కాదు. అక్కడ మనం చేసుకోవలసిన పని ఎంతో చెప్పే గుర్తు. కానీ వచ్చిన ప్రతి కస్టమరూ దాన్ని పరీక్షలో మార్కుల్లాగే చూసేవాడు. “సి గ్రేడు మాకెందుకు సార్, మేమేం తక్కువ?” అన్నవాళ్లూ ఉన్నారు.

పటం మీద ఒక పిన్ను గుచ్చాలంటే ముందు రెక్కీ చేయాలి. అంటే ఆఫీసరు స్వయంగా వెళ్లి, ఒక రాత్రి అక్కడ పడుకుని, పొద్దున రిపోర్టు రాయాలి. టెంటు వేసే చోట ఒక సీసా నీళ్లు పోసి ఎటు పారుతాయో చూడాలి. నాలుగు దిక్కులకూ తల పెట్టి పడుకుని ఏటవాలు ఎంతో చూడాలి. పైన ఎండిన కొమ్మలున్నాయేమో చూడాలి. దగ్గరి దవాఖానాకు బండిలో ఎంతసేపు పడుతుందో, స్వయంగా నడిపి, గడియారం చూసి రాసుకోవాలి. నా నడుము నొప్పి మూలంగా జాబితాలోంచి ఎగిరిపోయిన క్యాంపులు కొన్ని ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

డెస్కులో చేరిన రెండో శనివారం మధ్యాహ్నం ఒక కుటుంబం మెట్లెక్కి వచ్చింది. ముందు డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఎక్కడా ఆగకుండా. ఆమె వెనక కోడలు, మనవరాలు. కొడుకు మాత్రం మొదటి అంతస్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని, చివరగా వచ్చాడు. పేరు బాల్‌నర్సయ్య. ఉస్మాన్‌గంజ్‌లో పార్సిల్ లారీల గోదాము. వాళ్ల నాయన సిద్దిపేట వైపు పల్లె నుంచి హమాలీగా వచ్చాడట. ఇప్పుడు కొడుకులిద్దరూ కలిసి గోదాము నడుపుతున్నారు. లారీల మధ్య నిలబడి పిలిచి పిలిచి ఆయన గొంతు అదే శ్రుతిలో స్థిరపడిపోయింది. బల్లకు అవతల కూర్చుని మాట్లాడినా మెట్ల దాకా వినిపించేది.

విషయం ఇది. కూతురు స్రవంతికి డిగ్రీ అయిపోయి పుణెలో ఉద్యోగం వచ్చింది. సంక్రాంతి దాటగానే చేరాలి. వెళ్లేలోగా ఇంటిల్లిపాదీ రెండు రోజులు ఎక్కడికైనా పోవాలని ఆ అమ్మాయి కోరిక. తమ్ముడి కుటుంబంతో కలిపి ఎనిమిది మంది. పెళ్లిళ్లకు, మొక్కులకు తప్ప వాళ్లెప్పుడూ కలిసి ఎక్కడికీ పోలేదు.

“రిసార్టులు గిసార్టులు వద్దు సారు,” అన్నాడు బాల్‌నర్సయ్య. “చెరువు కాడ టెంట్లేసుకోవాలె. మేమే వండుకోవాలె. కట్టెల పొయ్యి, నాటుకోడి, బగారన్నం. గదే మజా!” తల్లి వైపు చూపించి, “ఇంకోటి, మా అవ్వ బయటి తిండి ముట్టదు. గందుకని గూడ మనమే వండుకునుడు మంచిది.”

కస్టమరు ఇంత స్పష్టంగా చెప్పడం అరుదు. మా ఫారంలో అడిగేవి ఎన్నో ఉంటాయి: ఎందరు, వయసులు, జబ్బులు, వాహనం, రాత్రి లేచి బయటికి పోవలసినవాళ్లున్నారా, నీళ్లంటే భయమా, తిండి ఎట్లా. అన్నిటికీ ఆయనే జవాబులు చెప్పాడు. నేను రాసుకున్నాను. నర్సాపూర్ అడవి దాటాక ఒక చెరువు ఒడ్డున మాకు ‘బి’ గ్రేడు క్యాంపు ఉంది. చదును నేల, కానుగ చెట్ల నీడ, పెద్ద రాతి గుండ్ల మధ్య గాలికి ఆరిపోని పొయ్యిలు. ఆయన చెప్పినదానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

చివర్లో పెద్దవాళ్లందరూ సంతకం పెట్టాలి. కాగితం ఆయన భార్య అంజమ్మగారి వైపు తిప్పి, నిబంధన ప్రకారం అడిగాను. “అక్కడ గ్యాస్ ఉండదమ్మా, కట్టెలే. మీకేం ఇబ్బంది లేదు కదా?”

“నాకేంది సారు,” అందామె పెన్ను తీసుకుంటూ. “గీడ వండుతున్న, గాడ వండుత. పొయ్యే మారుతది.”

ఆమె ఫిర్యాదు చేయలేదు. ఉన్నమాట చెప్పింది. బాల్‌నర్సయ్య పెద్దగా నవ్వాడు. స్రవంతి మాత్రం నవ్వలేదు. తల్లి సంతకం పెడుతున్న చేతినే చూస్తూ కూర్చుంది.

సోమవారం లంచ్ వేళ ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఫారం మార్చవచ్చా అని అడిగింది. “మా మమ్మీ పెండ్లయినప్పటి సంది ఒక్క రోజు గూడ వండకుంట లేదంకుల్. సుట్టాల పెండ్లిళ్లకు పోయినా గాడ గూడ వంటల కాడనే ఉంటది. నేను హాలిడే అన్నది ఆమె కోసం. డాడీ ఏమో పిక్నిక్ అనుకుంటున్నడు.”

మరి తండ్రికి చెప్పకపోయావా అంటే, చెప్పిందట. “వారం ముందే మసాలాలు నూరి పెట్టుకుంటె గాడ అల్కగైతది” అన్నాడట ఆయన. నూరవలసింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా ముందు మూడు షరతులు. అంజమ్మగారు వండకూడదు. పెద్దావిడ రాజవ్వగారు బయటి తిండి తినరు. బాల్‌నర్సయ్యకు కట్టెల పొయ్యి ఉండి తీరాలి. ‘ఏ’ గ్రేడులో వంటవాళ్లుంటారు కానీ అక్కడి వంట పెద్దావిడకు పనికిరాదు. పైగా సాయంత్రమైతే మైకుల్లో పాటలు. అనంతగిరి వైపు ఒక కొండ క్యాంపు చూశాను. వంటిల్లు బాగుంది కానీ స్నానాల గదులకు ఎనభై మెట్లు దిగాలి. నాలుగు రోజులు ఫోన్లు చేసి, చివరకు మొదటి క్యాంపుకే తిరిగి వచ్చాను. పక్క ఊళ్లో బాలమణి అనే ఆవిడ పెళ్లిళ్లకు వండుతుంది. ఇంటినుంచి తెచ్చిన గిన్నెల్లో, పెద్దావిడ కళ్లెదుటే, కట్టెల పొయ్యి మీద వండిపెడుతుంది. మూడూ తీరాయి. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. పెద్దావిడను ఒప్పించాలి కదా అని ఫోన్ చేస్తే, “అవ్వ సంగతి నేను చూసుకుంట, మీరు ఫికర్ జెయ్యకున్రి” అన్నాడు బాల్‌నర్సయ్య. ఫైల్లో ఆమె పేరు ఎదురుగా “బయటి తిండి తినరు: సమస్య పరిష్కరించబడింది” అని రాశాను. కారే టెంటు గుడ్డ గురించి రాసినట్టే రాశాను.

డెబ్బై దాటినవాళ్లున్న బృందంతో మొదటి రోజు ఒక ఆఫీసరు ఎస్కార్టుగా వెళ్లాలన్నది మా రూలు. ప్రయాణం పెట్టుకున్న శనివారం పది గంటలకల్లా చెరువు దగ్గర ఉన్నాం. క్యాంపు చూసుకునే యాదయ్య టెంట్లు వేసి ఉంచాడు. పిల్లలు నీళ్ల వైపు, మగవాళ్లు టెంట్లలోకి. గిన్నెలు, బియ్యం, బతికున్న రెండు కోళ్లు వ్యాను దిగాయి. పదిన్నరకు నా ఫోన్ మోగింది. బాలమణి. కోడలికి నొప్పులు మొదలయ్యాయని, మెదక్ దవాఖానాకు పోతున్నానని, ఏమనుకోవద్దని. ఏమనుకోను? క్షేమంగా జరగాలని చెప్పి పెట్టేశాను.

యాదయ్య ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాడు. కోతల రోజులు, ఎవరూ దొరకలేదు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని పొయ్యిల దగ్గర నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ల అనుభవంతో కుదిర్చిన ఏర్పాటు అరగంట కూడా నిలవలేదు. సంగతి చెప్పగానే అంజమ్మగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కొంగు నడుముకు దోపుకుని, “బియ్యం ఏ సంచిల ఉన్నయి?” అని అడుగుతూ పొయ్యి ముందు కూర్చుంది. స్రవంతి ముఖం చూడలేక నేను చెరువు వైపు తిరిగాను.

అప్పుడు వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

“అంజమ్మా, లే గాడికెళ్లి.”

“నీకేమన్న కావాల్నా అత్తమ్మా?”

“నువ్వు జరుగుడు కావాలె. పన్నెండేండ్ల సంది నన్ను పొయ్యి ముట్టనిస్తలేరు. గ్యాస్ అంటుకుంటదంటరు, చేతులొణుకుతయంటరు. కట్టెల పొయ్యి నాకు తెల్వదా? జరుగు!”

ఆమె కూర్చున్న తీరు చూస్తే ఎవరూ అడ్డు చెప్పే ధైర్యం చేయలేదు. మూడు కట్టెలు ఒక్కసారి అటూ ఇటూ సర్దింది. పొగ తగ్గి మంట లేచింది. తర్వాత కొడుకులను పేరు పెట్టి పిలిచింది. “నర్సిగా, ఉల్లిగడ్డలు కొయ్యి. చిన్నోడా, నీళ్లు తే.” ఉస్మాన్‌గంజ్‌లో పాతిక మంది హమాలీలను నడిపించే బాల్‌నర్సయ్య ఉల్లిపాయల ముందు కూర్చుని కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. చిన్న కోడలు అల్లం ఒలిచింది. స్రవంతి ఫొటోలు తీసింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. దగ్గరికి వెళ్లి, “అమ్మా, మరి ఆ రోజు ఆఫీసులో మీరు వండుతానని చెప్పలేదేం?” అన్నాను.

ఆమె గరిటె ఆపకుండానే, “నువ్వడిగినవా బిడ్డా?” అంది.

అడగలేదు. ఆమె వయసు, ఆమె జబ్బులు, ఆమె తిండి, అన్నీ రాసుకున్నాను. అన్నీ ఆమె కొడుకు చెప్పినవే.

ఇక అంజమ్మగారు. ఒక అరగంట ఆమెకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీలో కూర్చుంది, లేచింది, టెంటు లోపలికి వెళ్లి పరుపు దుప్పట్లు సర్దింది, మళ్లీ వచ్చి బియ్యంలో రాళ్లేరబోయింది. అత్తగారు తరిమింది. అప్పుడు చెరువు గట్టు వెంట నెమ్మదిగా నడుస్తూ పోవడం నేను చూశాను. మంచిదే అనుకున్నాను.

రెండు దాటాక వంట అయింది. పిలిస్తే అంజమ్మగారు లేదు. ఫోన్ చేస్తే టెంటులో మోగింది. మొదట ఎవరూ కంగారు పడలేదు. పావుగంట గడిచేసరికి అందరూ గట్టు మీద ఉన్నారు. నాకు మాత్రం ఒక విషయం తెలుసు, వాళ్లకు తెలియదు. చెరువు ఉత్తరం వైపు పూడిక మట్టి తీసిన గుంతలున్నాయి. పైకి మోకాలి లోతు నీళ్లలాగే కనిపిస్తాయి. దిగితే మనిషి మునుగుతాడు. డెస్కులో చేరిన వారంలోనే రెక్కీకి వచ్చి రిపోర్టులో నేనే రాశాను, అక్కడ తాడు కట్టించి ఎర్ర గుడ్డలు వేలాడదీయించాను. పొద్దున వచ్చినప్పుడు ఆ తాడు మళ్లీ చూసుకోవాలి. వంటావిడ ఫోను గొడవలో చూడలేదు.

యాభై ఎనిమిదేళ్ల వయసులో నేను అంత వేగంగా పరుగెత్తగలనని నాకు తెలియదు. ఉత్తరపు గట్టు చేరేసరికి తాడు ఒక గుంజ దగ్గర ఊడిపోయి నేల మీద పడి ఉంది. గేదెలు తొక్కినట్టున్నాయి. దానికి పది అడుగుల అవతల, నీటి అంచున, ఒక జత చెప్పులు. పక్కపక్కన పొందికగా విడిచి ఉన్నాయి.

అవి ఆమెవే. పొద్దున వ్యాను దిగేటప్పుడు చూశాను. నీళ్లు కదలడం లేదు. వెనక గట్టు మీద బాల్‌నర్సయ్య “అంజీ! అంజీ!” అని అరుస్తున్నాడు. ఆ గొంతు చెరువంతా తిరిగి వెనక్కి వస్తోంది. నేను చొక్కా గుండీలు విప్పుతూ నీళ్లలో అడుగు పెట్టాను.

ఎందుకో తలెత్తాను. నాకు పైగా, పెద్ద రాతి గుండు మీద, కానుగ నీడలో అంజమ్మగారు కాళ్లు బారజాపుకుని, వెనక రాయికి ఆనుకుని కూర్చుని ఉంది. నిద్రపోవడం లేదు. నన్నే చూస్తోంది.

“గాడ దిగకున్రి సారు, లోతున్నట్టుంది” అంది.

అక్కడే మట్టిలో కూర్చున్నాను. ఇంతలో బాల్‌నర్సయ్య రొప్పుతూ వచ్చాడు. పైకి చూశాడు. భయమంతా కోపమై వచ్చింది.

“ఊరంత ఇనవడేటట్టు ఒర్లుతున్న! నీకు ఇనవడ్తలేదా?”

“ఇనవడ్డది.”

“మరి?”

“పలుక బుద్ధి గాలే.”

ఇరవై రెండేళ్ల సంసారంలో పిలిస్తే పలకకపోవడం అదే మొదటిసారేమో. ఆయన గుండు పక్కనుంచి కష్టంగా పైకెక్కి, ఆమెకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు.

“అన్నమైంది,” అన్నాడు, ఈసారి మామూలు మనిషి గొంతుతో. “అవ్వ చూస్తుంది నీ కోసం.”

“ఇంక పది నిమిషాలు గూసుంట.”

“సరే.”

నేను తాడు మళ్లీ కట్టి, గుంజ రాయితో కొట్టి, గట్టు మీద ఏడుస్తున్న స్రవంతికి అమ్మ బాగానే ఉందని చెప్పడానికి వెళ్లాను. ఎందుకు పలకలేదని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి ఏడుపు మధ్యలోనే నవ్వేసింది.

మూడు గంటలకు భోజనాలు. అంజమ్మగారికి అత్తగారే వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక కోడలు నెమ్మదిగా, “కూరల ఉప్పు జర ఎక్కువైంది అత్తమ్మా” అంది. అది నిజమే, అప్పటిదాకా ఎవరూ నోరెత్తలేదు. “గట్లయితె రేపు నువ్వే వండుకో” అంది రాజవ్వగారు. అందరూ నవ్వారు. మరునాడు కూడా పెద్దావిడే వండింది. అంజమ్మగారు ఎనిమిదింటి దాకా నిద్ర లేవలేదని యాదయ్య తర్వాత ఫోన్‌లో చెప్పాడు. ఉప్పు మాత్రం సరిపోయిందట.

సోమవారం నేను ఎస్కార్ట్ రిపోర్టు రాశాను. అతిథి పావుగంటకు మించి కనబడకపోతే దాన్ని ‘ఘటన’ కింద నమోదు చేసి, తప్పు ఎవరిదో, కారణమేమిటో రాయాలి. ఊడిపోయిన తాడు చూడకపోవడం నా తప్పని రాశాను. ఆ క్యాంపు చెరువు వైపు తాడు బదులు కంచె వేసేదాకా ఎవరినీ పంపకూడదని సిఫారసు చేశాను. రెండు నెలలు పట్టింది, పంపలేదు. కారణం అన్నచోట “అతిథి పిలుపులు విన్నారు. విశ్రాంతిలో ఉన్నందున జవాబివ్వలేదు” అని రాశాను. మా బ్రాంచి మేనేజరు మేడం పిలిపించి, ఇదేం కారణమండీ అని అడిగారు. జరిగింది అదేనన్నాను. ఆవిడ సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ నా పద్ధతి మార్చుకున్నాను. కుటుంబంగా వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా, పక్క గదిలో కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగేవాణ్ని. ఈ రెండు రోజులు మీరు ఏ పని చేయకూడదనుకుంటున్నారు? ఇంట్లో చేయనివ్వని పని ఏదైనా అక్కడ చేయాలని ఉందా? రెండోది రాజవ్వగారి వల్ల తెలిసిన ప్రశ్న. కొందరు కస్టమర్లు విసుక్కున్నారు. బేగం బజార్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి, “మా ఇంటి మాట నేను చెప్తున్న గద” అని లేచి వెళ్లిపోయాడు కూడా. కానీ ఎక్కువసార్లు, మొదట ఎంచుకున్న క్యాంపు ఒకటి, చివరకు ఖాయమైన క్యాంపు ఒకటి అయ్యేవి. ఇంత చేసినా ఒకటి రెండు కుటుంబాలకు నేను తప్పు చోటే చూపించాను. వాళ్లు తిరిగి రాలేదు.

నేల ఏటవాలు, నీటి లోతు, దవాఖానా దూరం: ఇవి ఎవరైనా నేర్చుకోవచ్చు, కొలవవచ్చు. క్యాంపు ఎంపికలో సగం పని అది. మిగతా సగం, బల్లకు అవతల కూర్చున్నవాళ్లలో ఇంకా ఎవరు మాట్లాడలేదో చూసి, వాళ్లను అడగడం.